అమ్మ ఒత్తిగిల్లే రోజు

జనవరి 1, గురువారం

ఏమండీ, దగ్గు తగ్గిందా? అబ్బాయ్ అచ్చిబాబూ, నడుం పట్టేసిందన్నావు, వదిలిందా? లోవలక్ష్మీ, తలనొప్పి ఎలా ఉందే? హేమా, పన్ను కదులుతోందన్నావు, ఊడిందా? గేదె చిట్టు తింటోందా? పక్క గదిలో అమ్మవారి దోమతెరకు చిల్లు పడిందన్నారు, కుట్టారా?

పొద్దున్నే వరసగా అందరినీ అడిగాను. మా ఆయన "ఆఁ" అన్నారు. వినపడలేదని దానర్థం. అబ్బాయి లుంగీ ఎగ్గట్టుకుని తలూపి వెళ్ళిపోయాడు. కోడలు "ఇప్పటిదాకా లేదండి, మీరడిగాక వచ్చింది" అంది. మనవరాలు నోరు తెరిచి పన్ను చూపించింది. గేదె తింటూనే ఉంది. నన్ను ఎవరూ అడగలేదు. నాకేం, బాగానే ఉన్నాను.

ఈ డైరీ ఎరువుల కొట్టువాళ్ళు అబ్బాయికి ఇచ్చారు. వాడు రాయడు, నేను తీసుకున్నాను. అయిదో క్లాసు మధ్యలో మానేసినదాన్ని, ఒత్తులు సరిగా రావు. అయినా చదివేదెవరు? రాతమ్మను కొలిచే మనుషులం, దిగులు పైకి అనకూడదు. కాగితం మీద రాసి గోదాట్లో కలిపెయ్యాలి. సంవత్సరం ఆఖరున ఒక్కసారే కలుపుతాను. రోజూ ఒక కాగితం పట్టుకుని రేవుకి నడిచే ఓపిక నాకు లేదు.

జనవరి 2, శుక్రవారం

గేదె ఇవాళ తక్కువ తిన్నట్టుంది.

జనవరి 5, సోమవారం

స్నానం చేస్తుంటే చేతికి తగిలింది. ఎడమవైపు, రొమ్ము కింద. శనగగింజంత. ముందునుంచీ ఉందేమో, నేను చూసుకోలేదేమో. నొప్పి లేదు.

కొబ్బరికాయల దింపువాడు రాలేదు. వాడికి జ్వరమో ఏమో.

జనవరి 9, శుక్రవారం

హేమశ్రీకి తొమ్మిదేళ్ళొచ్చాయి, ఆ ప్రశ్నలకి అంతూ పొంతూ లేదు. అన్నాల దగ్గర మొదలెట్టింది.

"నానమ్మా, అందరి గుళ్ళలో గంట ఉంటుంది, మన రాతమ్మ గుళ్ళో లేదేంటి?"

"అమ్మ పడుకుంది కదే, లేస్తుంది."

"లేస్తే ఏమవుతుంది?"

చెప్పాను. లోకం మొదట్లో అమ్మ కూర్చున్న చోటు నుంచి లేవకుండా అందరి నుదుటి రాతలూ రాసేసింది. చెయ్యి నొప్పెట్టి నులకమంచం మీద ఒరిగింది. ఇప్పటికీ లేవలేదు. ఎవరైనా లేపితే రాసిందంతా మళ్ళీ చూసి దిద్దుతుంది. నిద్రలో లేపిన మనిషి దిద్దితే ఎలా ఉంటుంది? నన్ను నిద్రలో లేపి వండమంటే పులుసులో ఉప్పు రెండుసార్లు వేస్తాను. అందుకే గంట లేదు, కొబ్బరికాయ కొట్టం, ప్రసాదానికి జంతికలు పెట్టం, నమిలితే చప్పుడని. దద్దోజనమే. గుడి చుట్టూ ఎవరూ కోళ్ళు పెంచరు. తుమ్మొస్తే వీధిలోకి పరిగెత్తాలి.

లోవలక్ష్మి గరిటె పెట్టి చారు పోస్తూ, "మా పెళ్ళికి మేళం కూడా పెట్టనివ్వలేదమ్మా. తుని నుంచి మా వాళ్ళందరూ వచ్చి, ఎవరో పోయినట్టు కూర్చుని తాళి కట్టడం చూసి వెళ్ళారు. మా పెద్దమ్మయితే నిజంగానే ఏడ్చేసింది" అంది.

దానికి పెళ్ళయి పన్నెండేళ్ళయినా ఆ మేళం బాధ పోలేదు. తలుపులమ్మ తల్లి జాతర డప్పుల మధ్య పుట్టి పెరిగిన పిల్ల. గట్టిగా నవ్వుతుంది. మా ఇంటి గోడ, అమ్మ గది గోడ ఒకటే. నవ్వినప్పుడల్లా నేను గోడ వంక చూస్తాను.

జనవరి 19, సోమవారం

చింతపిక్కంత ఉంది. మొదట శనగగింజంత అని ఎందుకు రాశానో. అప్పుడూ చింతపిక్కంతే ఉండుంటుంది. నొప్పి లేదు.

మా పాపాయక్కకి కూడా ఎడమవైపే. అక్క రాతమ్మను అడిగింది. కోయించుకోవాలా, వదిలెయ్యాలా అని చెవిలో అడిగి, తడి గన్నేరు పువ్వు అమ్మ బుగ్గ మీద పెట్టింది. పువ్వు తలవైపు జారితే కానివ్వమని, కాళ్ళవైపు జారితే ఉన్నదాన్ని ఉండనివ్వమని. అక్క పువ్వు కాళ్ళవైపు జారింది. అక్క ఉండనిచ్చింది. రెండేళ్ళు ఉంది. ఆఖరికి చెయ్యి వాచి పైకి లేచేది కాదు, జాకెట్టు నేనే తొడిగేదాన్ని. అక్కకి అలా రాసి ఉంది. అమ్మ తప్పేం లేదు.

అమ్మ తప్పేం లేదు.

జనవరి 27, మంగళవారం

రేపు అమావాస్య. ఊళ్ళో తక్కినవాళ్ళంతా చొల్లంగి సముద్ర స్నానానికి లారీలు కడుతున్నారు. మాకు మాత్రం రేపు అమ్మ ఒత్తిగిల్లే రోజు. సంవత్సరానికి ఒక్కసారి నలుగురు పట్టి అమ్మను ఆ పక్క నుంచి ఈ పక్కకి తిప్పుతారు, ఒకే పక్క పడుకుంటే పుళ్ళు పడతాయని. నల్లరాయికి పుళ్ళేంటండి అని లోవలక్ష్మి. అప్పుడు పై చెవి బయటపడుతుంది. మనిషికి ఒక్క ప్రశ్న. ఉన్నది ఉన్నట్టు, దేని పేరు దానికి పెట్టి అడగాలి. నిద్రలో ఉన్న మనిషికి మనసులో మాట అందదు. పువ్వు ఎటు జారితే అటే, మళ్ళీ అడగడానికి లేదు.

నిరుడు అబ్బాయి రొయ్యల చెరువు గురించి అడిగాను. కాళ్ళవైపు జారింది. వాడు తవ్వాడు. తెగులొచ్చి పోయింది. అమ్మ చెప్పింది కదరా అన్నాను. ఊరందరికీ పోయింది, వాళ్ళందరి పువ్వులూ అటే జారాయా అన్నాడు.

రేపు నేను ఏం అడగాలో నాకు తెలుసు.

జనవరి 28, బుధవారం

గ్యాస్ గురించి అడిగాను.

ఎవరికీ చెప్పుకోలేను, ఇక్కడ రాస్తున్నాను. తెల్లవారుజాము నుంచీ వరసలో నిలబడ్డాను. నోట్లో మాట తిప్పుకుంటూనే ఉన్నాను, కోయించుకోవాలా వదిలెయ్యాలా, కోయించుకోవాలా వదిలెయ్యాలా. దోమతెర ఎత్తి వంగాను. అమ్మ చెవిలో నూనె, చీమలు. వెనక నుంచి పెద్దింట్లమ్మ "కానీవే మాణిక్యం, జనం ఉన్నారు" అని గుసగుసగా తరిమింది. అమ్మ గదికి అదే పెద్ద దిక్కు, ఎప్పుడూ గుసగుసగానే మాట్లాడుతుంది. నేను నోరు తెరిచాను. "అమ్మా, వచ్చేటప్పుడు గ్యాస్ కట్టానా?" అన్నాను.

పువ్వు తలవైపు జారింది. కట్టానని.

ఇంటికొచ్చి చూస్తే కట్టే ఉంది. అమ్మ సత్యం కలది, కాదనను. కానీ సంవత్సరానికి ఉన్న ఒక్క ప్రశ్నా గ్యాస్ పొయ్యికి పోయింది.

జనవరి 29, గురువారం

నా రాతలో అడగాలని లేదేమో. అదీ ఒక సమాధానమే. నొప్పి లేదు.

ఫిబ్రవరి 1, ఆదివారం

జాకెట్టు ఎడమవైపు బిగుతుగా ఉంది. టైలరు తప్పు. వాడికి చూపు ఆనడం లేదు, కళ్ళద్దాలు పెట్టుకోమంటే వినడు. ఎవరైనా వాణ్ణి మంచి డాక్టరుకి చూపిస్తే బాగుండు.

ఫిబ్రవరి 4, బుధవారం

ఎలక్షన్ల జీపు మా వీధిలోకి వచ్చింది, రెండు మైకులు కట్టుకుని. పెద్దింట్లమ్మ చీపురు పట్టుకుని ఎదురెళ్ళింది. దాని గొంతు పెగల్దు కదా, చీపురు ఊపుతూ నోరు కదిపింది. వాళ్ళేమో ఈవిడ మనకే వేస్తానంటోందనుకుని దండం పెట్టి, మైకు ఇంకా గట్టిగా పెట్టారు. మా గిన్నెలు అదిరాయి. అమ్మ లేవలేదు. పెద్దింట్లమ్మ అమ్మ పాదాలు గంటసేపు పిసికింది.

ఇవాళ ఒక సంగతి గుర్తొచ్చింది. అమావాస్యనాడు లోవలక్ష్మి బయట ఉంది, రాలేదు. బయట ఉన్నవాళ్ళకీ, పురుడు మైలవాళ్ళకీ అమావాస్య వెళ్ళిన పన్నెండో రోజున చెవి ఇస్తారు. మిగులు రోజంటారు. అంటే ఈ సోమవారం. మా ఇంటి కోడలు కాబట్టి దానికీ ఒక ప్రశ్న ఉంది. పన్నెండేళ్ళలో ఒక్కటీ వాడుకోలేదు.

ఫిబ్రవరి 6, శుక్రవారం

లోవలక్ష్మిని అడిగాను. ఎలాగో అలా అడిగాను.

"ఏమే, సోమవారం నీ చెవి రోజు కదా. నా మాటగా ఒకటి అడిగి పెడతావా?"

"మీ ప్రశ్న మీరు అడిగేశారు కదండి. ఏమడిగారో అదీ చెప్పరు."

"అది వేరు. ఇది... గేదె గురించి."

"గేదెకేమైందండి?"

ఇక్కడ నా బుర్ర పాడుగాను, నోటికొచ్చింది అనేశాను. "పొదుగులో గడ్డ కట్టింది. కోయించాలా, వదిలెయ్యాలా అని అడుగు. అంతే. పువ్వు ఎటు జారిందో నాకొచ్చి చెప్పు."

అది నన్నే చూసింది. "ఎడమవైపాండీ, కుడివైపాండీ?"

"ఎడమవైపు."

"అలాగేనండి" అంది. ఆ పిల్ల అంత తొందరగా అలాగేనండి అనదు.

ఫిబ్రవరి 7, శనివారం

ఈ ఇంట్లో రోజూ రెండు పూటలా గేదె పాలు పితికేది ఎవరు? లోవలక్ష్మి. నేనెంత తెలివితక్కువదాన్నో రాసుకోడానికి ఈ పేజీ చాలదు.

పొద్దున్న పాల చెంబు తెచ్చి నా ముందు పెట్టింది. పక్కనే పీట వేసుకుని కూర్చుంది.

"అత్తయ్యగారండీ, నాలుగు చన్నులూ పిసికి పిసికి చూశాను. గేదెకి విసుగొచ్చి తన్నబోయింది కూడా. దానికి గడ్డ లేదండి."

"తగ్గిపోయిందేమో."

"మరి ఎవరికి ఉందండి?"

మా ఆయన అరుగు మీద ఉన్నారు, ఆయనకు వినపడదు. అబ్బాయి పొలం వెళ్ళాడు. హేమ బడికి జడ వేసుకుంటోంది. నేను పాలలో ఈగ పడిందని చెంబు చూశాను. పడలేదు.

హేమ వెళ్ళాక తలుపు వేసి చూపించాను.

"ఎంత ఉందండి?"

"శనగగింజంత."

అది చెయ్యి పెట్టి చూసింది. చాలాసేపు చెయ్యి తియ్యలేదు. "నిమ్మకాయంత ఉందండి అత్తయ్యగారూ" అంది.

గ్యాస్ సంగతి కూడా చెప్పాను. నవ్వుతుందనుకున్నాను. నవ్వితే బాగుండేది.

"మీరు మర్చిపోయి అడిగారనుకుంటున్నారా? పాపాయి పెద్దమ్మగారికి ఎటు జారిందో మీకు తెలుసు. మీకూ అటే జారితే వినాలి కదా, అందుకని అడగలేదు. భయపడ్డారండి."

"అమ్మ దగ్గర భయమేంటే?"

"అదే నేనూ అడుగుతున్నాను."

అబ్బాయికి చెప్తానంది. సోమవారం పువ్వు పడేదాకా ఆగమన్నాను. తలవైపు జారితే ఎక్కడికంటే అక్కడికి వస్తానన్నాను. కాళ్ళవైపు జారితే మాత్రం నన్ను అడగొద్దన్నాను. అది చెంబు తీసుకుని వెళ్ళిపోయింది. సాయంత్రం దాకా గిన్నెలు చప్పుడు చేస్తూనే ఉంది.

ఫిబ్రవరి 8, ఆదివారం

నొప్పి కొంచెం ఉంది. నిన్న అది నొక్కడం వల్ల.

ఫిబ్రవరి 9, సోమవారం

ఎలా రాయాలో తెలీడం లేదు.

మిగులు రోజు కదా, పదిమంది కంటే లేరు. లోవలక్ష్మి తలంటు పోసుకుని, పెళ్ళినాటి ఆకుపచ్చ పట్టుచీర కట్టింది. నేను వెనకాలే వెళ్ళాను. పెద్దింట్లమ్మ దాన్ని చూసి మురిసిపోయింది. "పన్నెండేళ్ళకి బుద్ధొచ్చిందే నీ కోడలికి" అని నా చెవిలో ఊదింది. పువ్వు తడిపి అమ్మ బుగ్గ మీద తనే పెట్టింది.

లోవలక్ష్మి దోమతెర ఎత్తింది. వంగింది. ఊపిరి పీల్చుకోవడం నాకు కనిపించింది, జాతరలో నెత్తిన గరగ ఎత్తుకునేవాళ్ళు పీలుస్తారే, అలా.

"ఓయమ్మో, లే! మా అత్తయ్యకి రొమ్ములో గడ్డుంది! రాజమండ్రి తీసుకెళ్ళి కోయిస్తున్నాను! నువ్వేం రాశావో నాకనవసరం! విన్నావా!"

ఆ గది పుట్టాక అంత గొంతు ఎరగదు. పెంకుల మీద పావురాలు లేచిపోయాయి. ఒకావిడ చంకలో పసిబిడ్డ కెవ్వుమంది. పువ్వు దాని ఊపిరికి ఎగిరి, తలవైపూ కాదు, కాళ్ళవైపూ కాదు, మంచం మీద నుంచి కింద పడి పెద్దింట్లమ్మ కాలి దగ్గరికి దొర్లింది.

పెద్దింట్లమ్మ గోడకి ఆనుకుని జారి కూర్చుంది. "ఏం అడిగావే, ఏం అడిగావే" అని పెదవులు కదిపింది.

"నేను అడగలేదండి. చెప్పాను" అని లోవలక్ష్మి దోమతెర దించి, చుట్టూ జాగ్రత్తగా మంచం కింద దోపింది. అది మాత్రం దోపింది.

అందరూ అమ్మ మొహం వంక చూస్తున్నాం. రాయి రాయిలాగే ఉంది. నాకు మాత్రం రెప్ప కదిలినట్టనిపించింది. ఒక చీమ.

బయటికి వచ్చేసరికి మా ఆయన కర్ర పట్టుకుని గుమ్మంలో నిలబడి ఉన్నారు. మా వీధిలో అందరం గుసగుసలే కదా, ఆయన చెవికి మాట అందక ఎన్నేళ్ళో. ఇవాళ అందింది.

"గడ్డేంటి?" అన్నారు. "నాకు చెప్పలేదేం?"

"చెప్తే మీకు వినపడుతుందా?" అన్నాను.

"ఆఁ?" అన్నారు.

ఫిబ్రవరి 10, మంగళవారం

పెద్దింట్లమ్మ పంచాయితీకి వచ్చింది. వచ్చిందన్నమాటే కానీ పోట్లాటంతా గుసగుసగానే.

"ఎంత పని చేశావే! తాతల నాటి నుంచీ లేవని తల్లి!"

"లేచిందాండి?" అని లోవలక్ష్మి. మా గోడ పక్కన నిలబడి కూడా మామూలు గొంతుతోనే.

"మెల్లిగా అనవే! లేచిందో లేదో ఎలా తెలుస్తుంది? కళ్ళు మూసుకునే ఉంది."

"రెండు మైకులకి లేవని మనిషి నా ఒక్క గొంతుకి లేస్తుందాండి?"

"మైకు చెవిలో పెట్టలేదు కదే!" పెద్దింట్లమ్మకి కళ్ళ నీళ్ళొచ్చాయి. "లేస్తే మా అందరి రాతలూ దిద్దేస్తుంది. మా పెద్దాడికి ఇప్పుడిప్పుడే ఉద్యోగం ఖాయమయ్యేలా ఉంది."

"వాడికి ఉద్యోగం ఇమ్మని కూడా నేనే అరిచి చెప్పనాండి?"

పెద్దింట్లమ్మ ఆ మాట గురించి కాసేపు ఆలోచించిందని నేను ప్రమాణం చేసి చెప్పగలను.

తరవాత నా పక్కన కూర్చుని, కొంగుతో మొహం తుడుచుకుని, "నువ్వయినా నాతో అనలేదేమే మాణిక్యం? పాపాయికి పువ్వు పెట్టింది నేనే కదా" అంది. చుట్టూ చూసి, "బుగ్గ ఏటవాలుగా ఉంటుందే. ఎక్కువసార్లు కాళ్ళవైపే జారుతుంది" అంది.

ఆ మాట గుసగుసగా కూడా అనలేదు. పెదవులు కదిపింది. నేను చదువుకున్నాను.

అక్కకి జాకెట్టు తొడిగేటప్పుడు, "పోనీలేవే, అమ్మ చెప్పింది" అనేది. నేను కూడా అదే అనేదాన్ని.

అమ్మ తప్పేం లేదని పైన రెండుసార్లు రాసి ఉంది. కొట్టెయ్యలేదు. ఉండనీ. కానీ మూడోసారి రాయను.

ఫిబ్రవరి 11, బుధవారం

పొద్దున్న కరెంటు పోయింది. అమ్మ లేచిందని వీధంతా అన్నారు. పదింటికి వచ్చింది. మళ్ళీ పడుకుందన్నారు.

నిజంగా లేచి ఉంటే ముందు నా రాతే తీసి చూస్తుంది, అమ్మ చెవిలో పడింది నా మాటే కదా. ఇన్నాళ్ళూ అలా చూస్తుందనే భయపడ్డాను. అసలు ఎవరూ చూడకపోవడం కంటే అది నయమేమో అని ఇవాళ అనిపించింది. చూడనీ. నిద్రమొహంతోనైనా చూడనీ.

ఫిబ్రవరి 12, గురువారం

అచ్చిబాబు సెంటరుకి వెళ్ళి ఎస్టీడీ బూత్ నుంచి రాజమండ్రి ఫోన్ చేసి వచ్చాడు. సోమవారం నుంచీ వాడు నా మొహం చూసి మాట్లాడలేదు. ఇవాళ అరుగు మీద చెప్పులు విప్పుతూ, చెప్పుల వంక చూస్తూ చెప్పాడు.

"ఆడ డాక్టరమ్మేనంట. ముందు సూది పెట్టి చూస్తుందంట. ఏదైందీ అప్పుడు చెప్తుందంట. కొయ్యాల్సి వస్తే కొయ్యడమే. కొయ్యాలా వద్దా అని ఎవరినీ అడిగేది లేదమ్మా."

"బస్సులో నాకు వాంతి వస్తుందిరా."

"నిమ్మకాయ పెట్టుకుందువుగాని" అన్నాడు. అనేసి నాలిక కరుచుకున్నాడు. లోవలక్ష్మి వంటింట్లో ఫక్కున నవ్వింది. దాని వెనక వాడు. వాడి వెనక నేను. ఎడమవైపు లాగింది, అయినా నవ్వాను. గోడవతల ఏ చప్పుడూ లేదు.

మా ఆయన కూడా వస్తారట. వచ్చి ఏం వింటారు అంటే, లోవలక్ష్మి ఉందిగా, అరిచి చెప్తుంది అన్నారు. గేదె పాలు ఆ రోజు ఎవరు తీస్తారో. తెలియని చెయ్యి పడితే అది చేపదు. హేమ బడి నుంచి వచ్చేసరికి ఎవరుంటారో. డాక్టరమ్మకి జాలి ఉంటుందో ఉండదో. సూది ఎంత పొడుగో. ఇంకా ఉన్నాయి, రేపు రాస్తాను.

ఒక్కటి మాత్రం ఇవాళే రాస్తున్నాను. మా వాళ్ళు ఇంకా రాని రోజు సంగతి ముందుగా కాగితం మీద పెట్టరు, ముందుగా రాయడం అమ్మ పని కాబట్టి. మా ఇంట్లో పెళ్ళి ముహూర్తాలు కూడా వేళ్ళ మీదే గుర్తుపెట్టుకున్నాం. నేను ఈ డైరీలో ఆరు పేజీలు ముందుకి తిప్పాను. తెల్లగా ఉంది. పైన తారీకు అచ్చు వేసే ఉంది, ఎరువుల కొట్టువాళ్ళకి ఏ భయమూ లేదు. దాని కింద నా అక్షరాలతో, ఒత్తులు చూసుకుని రాశాను:

ఫిబ్రవరి 18, బుధవారం. పొద్దున్న పదకొండు గంటలకి రాజమండ్రిలో డాక్టరమ్మ దగ్గర. మొదటి బస్సుకే బయల్దేరాలి.